ఇంటి జ్ఞాపకాలు: ముందు ఏది కాపాడాలి, దేనిలో దాచాలి?

మన ఇళ్ళలో దాదాపు అందరికీ ఉండేవి ఇవే: బీరువా అడుగున రెండు మూడు ఆల్బమ్‌లు, ఒక కవరులో విడి ఫొటోలు, పెళ్ళి వీడియో క్యాసెట్, దారంతో కట్టిన ఇన్‌లాండ్ లెటర్ల కట్ట, పాత దస్తావేజులు, ఫోన్లో వేలకొద్దీ ఫొటోలు. వీటన్నిటికంటే విలువైనది ఇంకొకటి ఉంటుంది. ఆ ఫొటోల్లో ఉన్నది ఎవరో చెప్పగలిగిన ఒకరిద్దరు పెద్దవాళ్ళు. అందుకే "పాతవన్నీ భద్రం చేద్దామనుకుంటున్నాం, ఏ స్కానర్ కొనమంటావు?" అని ఎవరైనా అడిగితే, మీ ఇంట్లో ఎనభై దాటినవాళ్ళు ఎవరున్నారని ముందు అడుగుతాను.

ఏ పద్ధతి మంచిదో తేల్చుకునే ముందు ఏది ముందు పోతుందో చూసుకోండి. నలుపు తెలుపు ఫొటో సరిగ్గా ఉంచితే వందేళ్ళు కూడా ఆగుతుంది. 1970లు, 80ల నాటి కలర్ ఫొటోలు చాలావరకు ఇప్పటికే ఎర్రబారిపోయాయి. వీడియో క్యాసెట్లకు గడువు దాటిపోతోంది. పెద్దవాళ్ళ జ్ఞాపకానికి మాత్రం ఏ గడువూ రాసి ఉండదు. డబ్బు పెట్టాల్సిన పనులు ఇంకో ఏడాది ఆగినా పరవాలేదు. వాళ్ళ దగ్గర కూర్చోవడం మాత్రం వచ్చే పండక్కి వాయిదా వేయకండి.

గొంతు రికార్డు చేయాలా, వీడియో తీయాలా, రాయించాలా?

మూడింటిలో నా ఓటు గొంతుకే. వీడియో అనగానే మన పెద్దవాళ్ళు చీర మార్చుకుంటారు, జుట్టు దువ్వుకుంటారు, కెమెరా వైపు చూస్తూ పొడిపొడిగా నాలుగు మాటలు చెప్పి "ఇంకేముంది, అంతే" అంటారు. ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి బల్లమీద పెడితే పది నిమిషాల్లో దాని సంగతే మర్చిపోతారు. అసలు మాటలు అప్పుడు మొదలవుతాయి. పైగా ఫోన్లో మామూలు ఆడియో గంటకు అరవై ఎంబీ చుట్టూ అవుతుంది. మంచి నాణ్యత వీడియో అయితే గంటకు నాలుగు నుంచి ఎనిమిది జీబీ. ఆడియో పది గంటలున్నా దాచడం, పంచడం తేలిక.

వీడియో తీయాల్సిన చోటు ఒకటుంది: చేతులు పనిచేసేటప్పుడు. అమ్మమ్మ ఆవకాయ కలిపేటప్పుడు కారం, ఆవపిండి, ఉప్పు ఏ పాళ్ళలో పడుతున్నాయో, ఎక్కడ ఆగి రుచి చూస్తుందో మాటల్లో రాదు. తాతగారు మగ్గం మీద కూర్చున్నా, బొమ్మలకొలువు మెట్లు సర్దుతున్నా అంతే. అప్పుడు మొహం మీద కంటే చేతుల మీద కెమెరా పెట్టండి.

రాయించడం అందరికీ కుదరదు. ఓపికా అలవాటూ ఉన్నవాళ్ళకు ఒక లాంగ్ నోట్‌బుక్, మంచి పెన్ను ఇస్తే వరుసగా, తేదీలతో సహా రాస్తారు. రిటైరైన మాస్టార్లు, ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళు ఇందులో దిట్టలు. మిగతావాళ్ళు రెండు పేజీలు రాసి పక్కన పెట్టేస్తారు. వాళ్ళు చెబుతుంటే మనం రాసుకోవడమే నయం. పంతొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్ళలో ఈస్టిండియా కంపెనీ అధికారి కర్నల్ మెకంజీ కోసం కావలి సోదరులూ వాళ్ళ మనుషులూ ఊరూరా తిరిగి, అక్కడివాళ్ళు చెప్పిందీ కరణాల దగ్గర ఉన్నదీ సేకరించి రాశారు. ఎన్నో ఊళ్ళ చరిత్ర మనకు కైఫీయత్తులుగా, అంటే ఊరి వివరాల రాతలుగా, మిగిలింది అలాగే. మన ఇంటికి ఆ పని మనమే చేసుకోవాలి.

విదేశాల్లో పిల్లల్ని పెంచుతున్నవాళ్ళకు గొంతు ఇంకో రకంగా కూడా కలిసొస్తుంది. అక్కడ పుట్టిన పిల్లల్లో చాలామందికి తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. తాతమ్మ రాసిన ఉత్తరం వాళ్ళకు బొమ్మతో సమానం. అదే ఆవిడ గొంతైతే సగమైనా నేరుగా అందుతుంది.

రికార్డింగుకు కొన్ని జాగ్రత్తలు చాలు. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి, ఫ్యాన్ ఆపాలి, ఫోన్ కింద మడతపెట్టిన తువ్వాలు వేయాలి. ఒక్కో విడత ముప్పావు గంట మించకూడదు. మొదట్లో పేరు, తేదీ, ఊరు మీరే చెప్పండి. అక్కాచెల్లెళ్ళిద్దరిని కలిపి కూర్చోబెడితే ఒకరికి గుర్తులేనిది మరొకరు అందిస్తారు, కానీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు. ముందు విడివిడిగా, తర్వాత కలిపి కూర్చోబెట్టడం మేలు. "ఇది మాత్రం రికార్డు చేయకు" అంటే వెంటనే ఆపేయండి. ఆ మాట నిలబెట్టుకుంటేనే మిగతావి చెబుతారు.

"మీ చిన్నప్పుడు ఎలా ఉండేది?" అని అడిగితే "బాగానే ఉండేది" అన్న జవాబే వస్తుంది. "ఇంట్లోకి నీళ్ళు ఎవరు తెచ్చేవారు?", "రాత్రి దీపం ఎన్నింటికి ఆర్పేసేవారు?", "పురుడు ఏ గదిలో పోసేవారు?" అని అడిగి చూడండి. ఒక్కో ప్రశ్నకు అరగంట చెబుతారు.

తేదీల దగ్గర మాత్రం ఓపిక కావాలి. పాతతరంలో చాలామందికి పుట్టినరోజు ఒక సంఘటనతో ముడిపడి ఉంటుంది. గోదావరి మనిషి "వరదొచ్చిన ఏడు" అంటే అది 1953దా, 1986దా అని అడిగి తేల్చుకోవాలి. దివిసీమ వాళ్ళకు "ఉప్పెన" అంటే 1977 నవంబరు. తెలంగాణ పెద్దలకు 1948 సెప్టెంబరు పోలీసు యాక్షన్ ముందా, తర్వాతా అన్నది ఒక గీత. ఉత్తరం మీద "విశ్వావసు నామ సంవత్సరం" అని ఉంటే అరవయ్యేళ్ళ చక్రం గుర్తుపెట్టుకోండి. 1905-06, 1965-66, 2025-26 మూడూ విశ్వావసే, కాగితాన్ని బట్టి ఏదో తెలిసిపోతుంది. నిజాం కాలపు కాగితాల మీద ఫసలీ (శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం) ఉంటే 590 కలపండి. ఫసలీ 1357 అంటే 1947-48.

ఫొటోలు: ముందు పేర్లు, తర్వాతే స్కానింగ్

మా పెద్దమ్మ దగ్గర కూర్చుని ఆవిడ పెళ్ళినాటి గ్రూపు ఫొటో చూస్తున్నాం. మధ్యలో కుర్చీలో కూర్చున్నావిడే పెద్దమ్మ అత్తగారని మా తరం అంతా అనుకుంటూ వచ్చాం. ఆవిడ వేలు పెట్టి చూపించి, "కాదురా, ఈవిడ మా అత్తగారి తోటికోడలు. మా అత్తగారు ఫొటోకి రానని వంటింట్లోనే ఉండిపోయింది. ఆవిడ ఫొటో అసలు లేదు" అంది. ఎంత ఖరీదైన స్కానర్ తెచ్చినా ఆ మాట చెప్పలేదు. అందుకే స్కానింగ్ కంటే ముందు పేర్లు రాసుకునే పని పెట్టుకోమంటాను. గ్రూపు ఫొటోకు జెరాక్స్ తీసి, దాని మీద ఒక్కొక్కరికీ నంబరు వేసి, కింద పేరూ వరుసా రాయడం అన్నిటికంటే తేలిక. ఫొటో వెనక రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో అంచున తేలిగ్గా రాయండి. బాల్‌పెన్ను ఒత్తిడి ముందువైపుకు తేలుతుంది, సిరా అంటుకుంటుంది. నున్నటి కలర్ ప్రింట్ల వెనక పెన్సిల్ పడదు. వాటిని కాగితం కవర్లో పెట్టి, ఆ కవరు మీద రాస్తే సరి. వెనక స్టూడియో ముద్ర ఉంటే దాన్నీ స్కాన్ చేయండి, ఆ ఫొటో ఏ ఊళ్ళో తీయించుకున్నారో దాని వల్లే తెలుస్తుంది.

స్కానింగుకు మూడు దార్లు. ఫోన్లో గూగుల్ ఫొటోస్కాన్ లాంటి యాప్ ఉచితం. నాలుగు మూలల నుంచి తీసిన షాట్లను కలిపి మెరుపు తగ్గిస్తుంది. చుట్టాలింటికి వెళ్ళినప్పుడు, వాళ్ళు ఆల్బమ్ ఇవ్వనన్నప్పుడు ఇదే దిక్కు. చూసుకోవడానికి చాలు, పెద్ద ప్రింటుకు మాత్రం చాలదు. రెండోది ఫ్లాట్‌బెడ్ స్కానర్. ఇంట్లో మూడు నాలుగొందల ఫొటోలుండి, సెలవుల్లో కూర్చునే కాలేజీ పిల్లలుంటే ఇదే మేలు. కొనక్కర్లేదు, ఆఫీసులో ఉండే ఆల్ ఇన్ వన్ ప్రింటర్ స్కానర్ అయినా చాలావరకు సరిపోతుంది. మామూలు ఫొటోకు 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) పెట్టండి. పాస్‌పోర్టు సైజు చిన్నవాటికి 1200. నెగెటివ్‌లకు కనీసం 2400, దానికి ఫిల్మ్ స్కాన్ చేసే లైట్ ఉన్న స్కానర్ కావాలి. 600లో తీసిన వెయ్యి ఫొటోలు జేపెగ్‌లో నాలుగైదు జీబీకి మించవు. ఫ్రేములో పెట్టే పది పదిహేను ముఖ్యమైనవాటిని మాత్రం నాణ్యత తగ్గించని టిఫ్ ఫైలుగా కూడా దాచుకోండి.

మూడోది స్టూడియోకు ఇవ్వడం. ఫొటోలు వేలల్లో ఉంటే, నెగెటివ్‌లు ఉంటే ఇది మంచిదే. ఇచ్చే ముందు లెక్కపెట్టి రాయించుకోండి. అసలు ఫొటోలు వెనక్కి తీసుకోండి, "క్లీన్ చేసిన" ఫైళ్ళతోపాటు ముట్టుకోని స్కాన్ ఫైళ్ళు కూడా ఇమ్మని ముందే చెప్పండి. ఈమధ్య ఏఐతో పాత ఫొటోలకు రంగులు వేయించడం, మొహాలు స్పష్టం చేయించడం ఎక్కువైంది. మసకబారిన చోట ఆ యాప్ తాతగారి కళ్ళను తన ఊహతో గీస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, కానీ అది తాతగారు కాదు. పిల్లలకు సరదాగా చూపించండి, దాచే ఫైలుగా మాత్రం పెట్టకండి.

జిగురు పేజీల ఆల్బమ్‌లు, అంటే పైన ప్లాస్టిక్ షీటు లేపి ఫొటో అంటించేవి, మన ఇళ్ళలో చాలా ఉన్నాయి. ఆ జిగురు పసుపు తేలి ఫొటోను పట్టేస్తుంది. గోటితో లాగితే చిరుగుతుంది. పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే సన్నటి ఫ్లాస్ దారాన్ని ఫొటో ఒక మూల కిందకి జొప్పించి, రెండు చేతులతో పట్టుకుని, పేజీకి ఆనించి రంపంలా అటూ ఇటూ ఆడిస్తూ మెల్లగా ముందుకు జరపాలి. చాలావరకు ఊడి వస్తాయి. మధ్యలో గట్టిగా పట్టేస్తే ఆపేసి, ఆ పేజీని అలాగే స్కాన్ చేయండి.

లామినేషన్ మాత్రం వద్దు. పాత సర్టిఫికెట్లు, తాతగారి ఫొటోలు భద్రమనుకుని లామినేట్ చేయిస్తారు. వేడికి అతుక్కున్న ఆ ప్లాస్టిక్ మళ్ళీ రాదు, లోపలి కాగితాన్ని ఎవరూ బాగుచేయలేరు. అటక మీద వేడి, నేలమీద ట్రంకు పెట్టెకు చెదలు, చెమ్మ. బీరువా మధ్య అరలో, కాగితం కవర్లలో, సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. ఫొటోల మధ్య కలరా ఉండలు వేయొద్దు.

క్యాసెట్ల సంగతి

ఇక్కడ పోల్చుకునేంత లేదు. వీడియో క్యాసెట్లు వేసే వీహెచ్‌ఎస్ ప్లేయర్లు తయారుచేస్తున్న చివరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జులైలో ఆపేసింది. ఉన్న ప్లేయర్లూ పాడవుతున్నాయి, బాగుచేసేవాళ్ళూ తగ్గిపోతున్నారు. పెళ్ళి క్యాసెట్, గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళు మాటలు రికార్డు చేసి పంపిన ఆడియో క్యాసెట్, మినీ డీవీ టేపు ఏదున్నా ఈ ఏడాదే ఇచ్చేయండి. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే ఇంట్లో ప్లే చేయకండి, టేపూ పోతుంది, ప్లేయరూ పోతుంది. షాపువాళ్ళు డీవీడీలో ఇస్తామంటే ఎంపీ4 ఫైలుగా పెన్ డ్రైవ్‌లో ఇమ్మని అడగండి. మూడు గంటల పెళ్ళిని పాటలు పెట్టి అరగంటకు కుదిస్తామంటే వద్దనండి. భోజనాల బంతిలో రెండు సెకన్లు కనిపించే చిన్నాన్న కోసమే రేపు ఎవరో వెతుకుతారు.

దాచడం: క్లౌడా, హార్డ్ డిస్కా?

ఏది ఒక్కటే అయినా చాలదు. వృత్తిగా ఈ పని చేసేవాళ్ళు పాటించే లెక్క ఒకటుంది: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే ఊళ్ళో. మన ఇళ్ళకు అది చక్కగా సరిపోతుంది. ఒకటి ఇంట్లో హార్డ్ డిస్కులో, ఒకటి క్లౌడ్‌లో, ఇంకొకటి అక్కయ్యగారింట్లోనో తమ్ముడింట్లోనో ఇంకో హార్డ్ డిస్కులో. హార్డ్ డిస్కును ఏడాదికోసారి తెరిచి చూడాలి, ఐదేళ్ళు తిరిగేలోపు కొత్తదానికి మార్చాలి. పెన్ డ్రైవ్ తీసుకెళ్ళడానికి బాగుంటుంది, ఏళ్ళ తరబడి దాచడానికి పనికిరాదు. డీవీడీల్లో ఉన్నవన్నీ ఇప్పుడే బయటికి తీయండి, కొత్త ల్యాప్‌టాప్‌లకు డ్రైవే ఉండటం లేదు.

క్లౌడ్ తేలిక. అందరూ చూడొచ్చు, ఇల్లు మునిగినా పోదు. కానీ గూగుల్ ఫొటోస్‌లో హద్దులేని ఉచితం 2021 జూన్ 1తో ముగిసింది. ఇప్పుడు మెయిలు, డ్రైవ్, ఫొటోలు అన్నిటికీ కలిపి 15 జీబీ. సెట్టింగుల్లో అసలు నాణ్యత ఎంచుకోకపోతే ఫొటోలను కుదించేస్తుంది. అక్కడ రాసుకున్న వివరణలు ఫొటో ఫైలులోకి చేరవు, దించుకున్నప్పుడు విడిగానే ఉండిపోతాయి. అందుకే ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నది ఫైలు పేరులోనే రాయండి: "1965 తణుకు చిన్నత్తయ్య పెళ్ళి" అన్నట్టు. వాట్సాప్ గ్రూపులో పెట్టినదాన్ని దాచినట్టు లెక్కవేయకండి. అది ఫొటోను బాగా కుదిస్తుంది. పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపండి.

వంశవృక్షం: చార్టు, సాఫ్ట్‌వేర్, వెబ్‌సైటు

గోడకు వేలాడే చార్టు అందంగా ఉంటుంది, పిల్లలు రోజూ చూస్తారు. కానీ మేనరికాలు, అక్క కూతుర్ని చేసుకోవడాలు ఉన్న ఇళ్ళలో గీతలు అడ్డంగా దాటుకుంటూ మూడో తరానికే చిక్కుపడిపోతాయి. గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో మనిషి ఒక్కో రికార్డు కాబట్టి ఒకే ఆవిడ మనవరాలూ కోడలూ అయినా ఇబ్బంది లేదు. మన కంప్యూటర్లోనే ఉంటుంది, ఎవరి ఖాతా అక్కర్లేదు, తెలుగులో పేర్లు రాసుకోవచ్చు. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటు కూడా ఉచితమే, కానీ అందులో ఉన్నది అందరికీ కలిపి ఒకే చెట్టు. చనిపోయినవాళ్ళ వివరాలు ఎవరైనా మార్చగలరు. డబ్బు తీసుకునే వెబ్‌సైట్లలో ఎక్కువ విలువ విదేశీ రికార్డులది. మన ఊళ్ళ కుటుంబాలకు వాటివల్ల ఒరిగేది తక్కువ. ఏది వాడినా జెడ్‌కామ్ (GEDCOM) అనే వంశవృక్షాల ఫైలుగా బయటికి తీసి దాచుకోండి, దాన్ని ఈ సాఫ్ట్‌వేర్లు దాదాపు అన్నీ చదువుతాయి.

నాకు గట్టిగా చెప్పాలనిపించేది వేరే ఉంది. మన పాత వంశవృక్షాల్లో చాలావాటిలో కొడుకులే ఉంటారు. కూతుళ్ళ పేర్లుండవు, కోడళ్ళ పుట్టింటి ఇంటిపేర్లుండవు. అమ్మమ్మ పుట్టింటి పేరు ఏమిటని అడిగితే ఎంతమంది చెప్పగలరో మీ ఇంట్లోనే చూడండి. ఆ ఖాళీలు నింపగలిగేది ఇప్పుడున్న పెద్దవాళ్ళే. ఇంట్లో ఎవరికీ తెలియని పై తరాల కోసం గయలో, కాశీలో, హరిద్వారంలో తీర్థ పురోహితుల దగ్గర ఉండే పుస్తకాలు ఒక దారి. మన పెద్దలు ఎప్పుడైనా వెళ్ళి పేర్లు రాయించి ఉంటే దొరకొచ్చు. ఊళ్ళకు వచ్చి వంశక్రమం చెప్పే వంశరాజుల్ని మీ ఊళ్ళో ఎవరైనా ఎరిగుంటే వాళ్ళు చెప్పేదీ రికార్డు చేయండి.

చివరికి పుస్తకం

పాస్‌వర్డూ కరెంటూ లేకుండా మునిమనవడు తెరవగలిగేది కాగితం ఒక్కటే. కాబట్టి అన్నీ డిజిటల్ చేసిన తర్వాత కూడా ఒక పుస్తకం వేయమంటాను. పెళ్ళిళ్ళకు చేయించే కరిజ్మా ఆల్బమ్ ఫొటోలకు బాగుంటుంది. మందంగా, బరువుగా ఉంటుంది, ఖరీదెక్కువ, కథ రాయడానికి చోటు తక్కువ. ఆఫ్‌సెట్ ప్రింటింగ్ వందల కాపీలు వేస్తేనే గిట్టుబాటు. ఎనభై నుంచి నూట ఇరవై పేజీలు, ఇరవై ముప్ఫై కాపీలు, లోపల నలుపు తెలుపు, మధ్యలో పదహారు పేజీలు కలర్: ఇలా డిజిటల్ ప్రింటింగ్ చేయించడం మామూలు కుటుంబానికి తగిన దారి. ఇంక్‌జెట్ ప్రింటు తడిస్తే కారిపోవచ్చు, లేజర్ ప్రింటు తట్టుకుంటుంది.

డీటీపీ సెంటర్లో ఇచ్చేటప్పుడు ఒక మాట తప్పకుండా అడగండి. చాలాచోట్ల ఇప్పటికీ అను ఫాంట్లలో టైపు చేస్తారు. ఆ ఫైలు ఇంకో కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని అక్షరాలు కనిపిస్తాయి. ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో చేయించుకోండి, కుదరకపోతే పీడీఎఫ్ అయినా తీసుకోండి. పెద్దవాళ్ళ మాట తీరు దిద్దకండి. నానమ్మ "ఒచ్చిండు" అంటే అలాగే ఉండనివ్వండి. కాపీలు కూతుళ్ళ ఇళ్ళతో సహా ఎన్ని ఇళ్ళుంటే అన్ని.

ఇంకో పని మిగిలి ఉంది, పది నిమిషాల్లో అయిపోతుంది. రెండేళ్ళు ఎవరూ వాడని ఖాతాలను గూగుల్ తొలగించవచ్చు. ఫొటోలు ఎవరి ఖాతాలో ఉన్నాయో వాళ్ళు పోతే మిగతావాళ్ళకు తాళం ఉండదు. గూగుల్ ఖాతా సెట్టింగుల్లో "ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్" ఉంటుంది. మూడు నెలల నుంచి ఏడాదిన్నర వరకు గడువు పెట్టి, ఆ తర్వాత ఎవరికి అందాలో పదిమంది దాకా పేర్లు ఇవ్వొచ్చు. ఐఫోన్‌లో "లెగసీ కాంటాక్ట్" అని ఉంటుంది, దానికి ఒక కోడ్ ఇస్తుంది. ఆ కోడ్‌ను ప్రింటు తీసి దస్తావేజులతో కలిపి పెట్టండి. పేరు ఇచ్చినవాళ్ళకు ఈ వారమే ఫోన్ చేసి చెప్పండి కూడా. చెప్పకపోతే రేపు గూగుల్ నుంచి మెయిల్ వచ్చినప్పుడు ఏదో మోసమనుకుని డిలీట్ చేసేస్తారు.